ఖాళీ కూడా లెక్కే

నా ఉద్యోగం కడుపు కోత.
ఎంఫంగానో దీవి రేవులో
పడవలు ఇసుకను గీరుకుంటూ ఆగే వేళకి
నీలం తొట్టి, త్రాసు, కొలబద్ద, పట్టకారు,
తడిసినా చెరగని పెన్సిలుతో కూర్చుంటాను.
"అపోండి వచ్చింది, కడుపులు దాచుకోండర్రా" అంటాడు ఒబురా.
రోజూ అదే మాట.
రోజూ తనే ముందు నవ్వుతాడు.

ఎంబుటా. డెబ్బై సెంటీమీటర్లు, నాలుగు కిలోలు.
మా అమ్మ పుట్టకముందు ఎవరో తెచ్చి
ఈ నీళ్ళలో వదిలారట.
ఇప్పుడు ఊరంతా దాని పేరు మీదే అప్పు పుట్టించుకుంటుంది.
గొంతు కింద కత్తి దించి
సంచిలాంటి దాని కడుపుని పళ్ళెంలో బోర్లిస్తాను:
పిడికెడు రొయ్యపొట్టు,
సగం కరిగిన ఒమేనాలు పదకొండు,
రెక్కలింకా రాని తూనీగ పిల్ల,
అడుగున, వేలెడంత, కళ్ళు తెరుచుకునే ఉన్న
మరో ఎంబుటా.
సొంత పిల్లో, పక్కింటి పిల్లో.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే,
చించింది దాని కడుపు,
పడింది నా కాళ్ళ మీద.

మొదటి నెలలో ఖాళీ కడుపులన్నీ
రాయకుండా కొంగలకి విసిరేశాను.
డాక్టర్ న్యాంగ్వెసో రిజిస్టరు తిరగేసి
"ఆకలిని పారేస్తే ఇంకేం కొలుస్తావమ్మా" అన్నాడు.
అప్పటి నుంచి రాస్తున్నాను:
పావు. సగం. ఖాళీ. ఖాళీ. ముప్పావు. ఖాళీ.

ఎనిమిదింటికి ఐసు లారీ వస్తుంది.
కండ ఫ్యాక్టరీకి, అక్కణ్ణుంచి విమానమెక్కి ఎక్కడికో.
గాలితిత్తి కోసం వేరే మనిషి, వేరే త్రాసు,
దాని ధర చెవిలోనే చెబుతారు.
తలా వెన్నెముకా మిగిలితే
నూనెలో ఎర్రగా వేయించి మాకే అమ్ముతారు మా ఆడవాళ్ళు.
వలల మీద ఎండుతున్న ఒమేనా
మూడు బస్తాల్లో రెండు కోళ్ళ దాణాకి పోతుంది.
కోడిని పట్నం తింటుంది.
పట్నం కడుపు ఎవరు కోస్తారో, ఏ గడిలో రాస్తారో
నాకు తెలియదు.

పోయిన గురువారం, నలభై మూడో చేపలో
ఒక ఫులు.
తోక కరిగింది, తల సగమే ఉంది,
పక్కన మాత్రం ఎరుపు, ఆ ఎరుపు మీద నల్లటి గీత.
పదకొండేళ్ళుగా ఏ వలలోనూ పడని రకం,
రిజిస్టరులో ఎవరో పేరు పక్కన చుక్క పెట్టి వదిలేసిన రకం.
మా వలకి అందనిది
దాని నోటికి అందింది.

సీసాలో వేసే ముందు నాయనమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.
ఒకప్పుడు ఫులుల పేర్లు చెబుతూ
తన వేళ్ళు అయిపోతే నా వేళ్ళు పట్టుకుని లెక్కపెట్టేది.
ఇప్పుడు చూపు లేదు.
పళ్ళెంలో చెయ్యి పెట్టి పొలుసుల మీద వేలు నడిపింది.
"ఎన్ని?"
"ఒకటే."
"ఎక్కడ దొరికింది?"
"ఎంబుటా కడుపులో."
చాలాసేపు ఏమీ అనలేదు. వేలు వాసన చూసుకుంది.
"అయితే ఉందన్నమాట.
మింగాలన్నా ఉండాలి కదే!"

ఆ రాత్రి చంద్రుడు లేడు.
ఒమేనా దీపాలు నీళ్ళ మీద ఇంకో ఊరు కట్టాయి.
ఆ వెలుతురు అందని రాళ్ళ సందున
దాని జత ఎక్కడైనా ఉంటే,
గుడ్లన్నీ నోట్లో దాచుకుని
పిల్లలు ఈదేదాకా ఏమీ తినకుండా ఉంటుంది,
ఫులు తల్లులంతే.
రేపు అది నా తొట్టిలోకి వస్తే
కోసి చూసి ఖాళీ అని రాస్తాను.
ఫారంలో కడుపుకి నాలుగు గడులున్నాయి.
నోటికి లేదు.